సుద్దగీతల అక్క

మొన్న మా దవాఖాన గోడ మీద ఒక కాగితం అంటించారు. సముద్రం దిక్కు తుఫాను వచ్చి ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయట. అక్కడికి పోవడానికి కట్లు కట్టేవాళ్ళు, సూదులు వేసేవాళ్ళు, మోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు కావాలట. తాత్కాలికంగా. ఆ మాట కింద గీత గీసి మరీ రాశారు. దాని కింద ఇంకో ముక్క: సేవాభావం గలవారికి ప్రాధాన్యం.

చదవగానే ఒళ్ళు మండింది. తుఫాను మీద కాదు. సేవాభావం అడిగేవాళ్ళను ఇన్నేళ్ళలో చాలామందిని చూశాను. వాళ్ళింట్లో బిందె కూడా ఎత్తరు గానీ ఎదుటివాళ్ళ సేవాభావాన్ని మాత్రం తక్కెట్లో వేసి తూస్తారు. పని పడ్డప్పుడు అమ్మా తల్లీ అంటారు, పని తీరాక నువ్వెవరు అంటారు. ఏరు దాటి తెప్ప తగలేసే బాపతు.

నేను ఆ కాగితం ముందు నిలబడి ఉండగానే ఆఫీసు గుమాస్తా వచ్చాడు. "సిస్టర్, వెనకటి కలరా క్యాంపులల్ల పనిచేసినోళ్ళు మీకు ఎరుకే గద. పిలిస్తె వచ్చేటోళ్ళు ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఒక్కతుండె. పోయిన వానకాలం సచ్చిపోయింది" అన్నాను.

"అయ్యో" అన్నాడు. అని, "ఇంకెవలన్న?" అన్నాడు.

ఆ ఒక్కతి గురించే ఇది. పేరు రాయను. బతికి ఉన్నప్పుడు ఆమె పేరును రాయాల్సిన చోట రాసిన మహానుభావుడు లేడు. పోయాక నేను రాసి పుణ్యం మూటగట్టుకోవడం ఎందుకు? అందరూ ఆమెను అక్క అనేవాళ్ళు. ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే. నన్ను మాత్రం ఆమె బిడ్డ అనేది.

అప్పటికి గోదావరిఖని ఇంకా ఊరు కాలేదు. మేం గనిని బాయి అంటాం. బాయిలు తవ్వడం మొదలై నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. బెల్లంపల్లి నుంచి, గోదారి అవతలి జైపూర్ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్ళు తాటాకు దొరికితే తాటాకు, గోనెసంచి దొరికితే గోనెసంచి కప్పుకొని గుడిసెలు వేసుకున్నారు. వాగులో నీళ్ళే తాగడానికి, ఆ వాగులోనే కడుగుళ్ళు. మొదటి వానలు పడగానే వాంతులు, బేదులు పట్టుకున్నాయి. పొద్దున షిఫ్టుకు పోయినవాడు మధ్యాహ్నానికి కళ్ళు లోతుకు పోయి, గొంతు పోయి, మంచానికి అతుక్కుపోయేవాడు.

నలుగురు పెద్దమనుషులు కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీకి ఒక క్యాంపు ఆఫీసరు. ఒక మైదానంలో గుడారాలు వేసి నలభై మంచాలు పరిచారు. నేను పెద్దపల్లిలో ఉండేదాన్ని, నర్సు పని నేర్చుకొని ఏడాది కూడా కాలేదు. నన్ను తెచ్చి అక్కడ పడేశారు. డాక్టరు ఒక్కడే, ఆయనకు రెండు క్యాంపులు. మిగతా పనికి మనుషులు కావాలి కదా. షిఫ్టు దిగే వేళకు డప్పు కొట్టించి చాటింపు వేశారు. ఒక టేబుల్ వేసుకొని ఆఫీసరు కూర్చున్నాడు, పక్కన పేర్లు రాయడానికి నేను.

మొదటి రోజు ఏడో తరగతి పాసైనవాళ్ళు కావాలన్నాడు. ఒక్కడూ రాలేదు. రెండో రోజు చదవడం, రాయడం వస్తే చాలన్నాడు. ఇద్దరు వచ్చి, పని ఏమిటో అడిగి, ముక్కు మూసుకొని పోయారు. మూడో రోజుకు ఆయన మెత్తబడిపోయాడు. రెండు కాళ్ళు, రెండు చేతులు ఉంటే పంపండి అన్నాడు. అప్పుడు వచ్చింది ఆమె. కొంగు నడుముకు దోపుకొని, తంబాకు దవడన పెట్టుకొని, చెవి మీద ఒక సుద్దముక్క పెట్టుకొని ఉంది. సుద్దముక్క ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

"మంచాలెన్ని ఉన్నయ్ సారూ?"

"నలభై. నీకేం పని వచ్చు?"

"నలభై మంచాలకు మనుషులెందరు?"

"ఇప్పటికి నువ్వొక్కదానివే అమ్మా."

"మరి కూసోని రాస్తవేంది? లే."

నాకు నవ్వాగలేదు. ఆఫీసరు నావైపు ఉరిమి చూశాడు. ఆమె వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా నెత్తికి రాసుకొని, గుడారంలోకి పోయింది. ఆ రోజు ఎవరూ ఆమె చదువు అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేనైతే మరిచిపోలేదు. ఆమె వెంట మెల్లగా ఇంకో పదిమంది వచ్చారు. ఆమె చేస్తుంటే చూసి సిగ్గుపడి వచ్చారు, సేవాభావంతో కాదు.

ఆమె మొగుడు బెల్లంపల్లి బాయిలో బొగ్గు నింపేవాడు. కప్పు కూలి పోయాడు. తరువాత ఆమె బాయి మీద, వచ్చిన బొగ్గులోంచి రాయి ఏరే పని చేసింది. కొన్నాళ్ళకు ఆడవాళ్ళను ఆ పనిలోంచి తీసేశారు. అక్కడి నుంచి ఇటు వచ్చి, దొరికిన కూలికి పోయేది. ఇదంతా ఆమె వరుసగా కూర్చుని చెప్పిన కథ కాదు. బకెట్లు కడుగుతూ, సున్నం చల్లుతూ, ముక్క ముక్కగా పడేసిన మాటలు.

సుద్దముక్క సంగతి రెండో రోజు తెలిసింది. బాయిలో బొగ్గు నింపే ఇనుప తొట్టిని టబ్బు అంటారు. నింపినవాళ్ళు దాని మీద తమ గుర్తు సుద్దతో గీస్తారు. పైకి వచ్చాక ఆ గుర్తు చూసి ఏ టబ్బు ఎవరిదో లెక్క రాసుకుంటారు. మొగుడు గీసే గుర్తులు చూసి చూసి ఆమెకు అదే రాత అయింది. క్యాంపులో ఏం చేసిందంటే, బొగ్గుపొడి నీళ్ళలో కలిపి ప్రతి మంచం పట్టెకూ నల్లగా పూసింది. ఎక్కించిన సెలైన్ సీసాకు ఒక నిలువు గీత. రోగికి అయిన ప్రతి బేదికీ కింద ఒక చుక్క. ఉచ్చ రాకపోతే చివర ఒక అడ్డగీత. కలరాలో ఒంట్లో నీళ్ళు పోయి ఉచ్చ బందవుతుంది. అది మళ్ళీ వచ్చిందంటే మనిషి బతికినట్టు. అప్పుడు ఆ అడ్డగీత చెరిపి చిన్న పువ్వు గీసేది.

డాక్టరు మొదటి రోజు ఆ గీతలు చూసి ఇదేం ముగ్గు అన్నాడు. మూడో రోజుకు రోగి మొహం చూడకముందు పట్టె చూసేవాడు.

"గీతలు తక్కువ, సుక్కలెక్కువ ఉంటె పరేషాన్ గావాలె సారూ. కింద ఎంత పోతదో పైన గంత పొయ్యాలె. గింతే గద మీ శాస్త్రం?" అనేది.

ఆయన తల ఊపేవాడు. నిజంగా అంతే మరి.

రోగి చేతి మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి లేపి వదిలేది. అది అట్లాగే మడత పడి నిలిస్తే, "సీస తే బిడ్డ, జల్ది" అని నా మీద కేక వేసేది. నేను నర్సును, ఆమె కూలిమనిషి. ఆ కేకకు నేను ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు, చెప్పాలని కూడా తోచలేదు. రోగులతో మాట మెత్తన కాదు. "సచ్చేటోనివి ఇంట్లనే సావకపోయినవ్, గింత దూరం ఎందుకచ్చినవ్? తాగు!" అని చెంబు పళ్ళకు ఆనించేది. తిట్టి తాగించి, తాగాక కొంగుతో మూతి తుడిచేది.

ఉచ్చ సంగతి చెప్పకుండా ఉండలేను. ఎవరికి వచ్చినా క్యాంపంతా వినపడేట్టు అరిచేది. ఒక ముసలి మెకానిక్ సాబ్ ఉండేవాడు, ఇంట్లో దక్కనీ మాట్లాడే మనిషి, మహా మర్యాదస్తుడు. రెండు రోజులు చావుకూ బతుక్కూ మధ్య ఊగి, మూడోనాడు తెల్లారగానే బయటపడ్డాడు. ఆమె గుడారం బయట నిలబడి, "సాబ్ ఉచ్చ వోసిండు!" అని చాటింపు వేసింది. అన్ని మంచాల మీదివాళ్ళూ నవ్వారు. నవ్వడానికి ఓపిక లేనివాళ్ళు కూడా పళ్ళు బయటపెట్టారు.

"అరే బేటీ, నా ఇజ్జత్ తీస్తున్నవ్" అని ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"ఇజ్జత్ ఇంటికి పోయినంక జూసుకో సాబ్. ముందుగాల పానం" అని పట్టె మీద పువ్వు గీసింది.

వానలు తగ్గాక రోగం తగ్గింది. ఒక శనివారం సాయంత్రం ఆఫీసరు అందరినీ నిలబెట్టి, మీ సేవ మరువలేనిది అని ఒక ఉపన్యాసం ఇచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. రోగం అంటుకొని ఉంటుందని పనివాళ్ళ బట్టలన్నీ కుప్పవేసి కాల్చారు. అది సరే, కాల్చాల్సిందే. కానీ మారు బట్ట ఇవ్వాలన్న ఆలోచన ఒక్క బుర్రకూ రాలేదు. ఆమెకు ఉన్నవి రెండే చీరలు. నేను నా చీర ఒకటి ఇస్తే కట్టుకొని పోయింది. ఆ పూట నాకు కోపం రాలేదు. జాలి వేసింది. కోపం రావలసిన చోట జాలిపడటం కూడా ఒక రకం తప్పే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మరుసటి ఏడు మళ్ళీ వాన, మళ్ళీ వాంతులు. మళ్ళీ జీపు ఆమె గుడిసె ముందుకు పోయింది. ఆమె వచ్చింది. ఈసారి ఒకరోజు బకెట్లు తోముతూ నన్ను అడిగింది.

"బిడ్డ, గిట్ల రెండేండ్లు క్యాంపుల చేసినోళ్ళను దవాఖానల పర్మినెంటు తీసుకుంటరట. నిజమేనా?"

"అంటున్నరు అక్క. నీకు తప్పకుంట వస్తది."

"నాకు పింఛన్లు గించన్లు తెల్వయ్. పొద్దుగాల లేసి, ఇయ్యాల పనున్నదా అని ఎవన్నీ అడగకుంట బతకాలె. గంతే."

ఆమె ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదొక్కసారే.

ఈసారి క్యాంపులో ఒక అసిస్టెంటు కూడా వచ్చాడు. ఆఫీసరుకు చుట్టం. తెల్ల బుష్‌షర్టు, ముక్కుకు సెంటు రుమాలు. ఆయన పని రిజిస్టరు రాయడం. పొద్దంతా టేబుల్ దగ్గర కూర్చొని, సాయంత్రం ఒక్కసారి మంచాల మధ్య నడిచి, ఆమె గీతలు చూసి రిజిస్టర్లోకి ఎక్కించుకునేవాడు. రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది. కమిటీవాళ్ళు వచ్చి చూసి, ఎంత చక్కగా రాశావయ్యా అని వీపు తట్టేవాళ్ళు. రాసింది ఆయనే. చూసింది, ఎంచింది, మోసింది ఎవరో ఎవరూ అడగలేదు.

ఒకనాడు పై నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. క్యాంపు ఆఫీసరు ఒంటికాలి మీద లేచాడు. గుడారాలు శుభ్రం, దుప్పట్లు శుభ్రం, మంచాల మీద ఆ నల్లటి మసి ఏమిటి అసహ్యంగా, కడిగిపారెయ్యండి అన్నాడు. ఆమె ఆ వేళకు మైల బట్టలు కాల్చడానికి గోదారి ఒడ్డుకు పోయి ఉంది. నేను పక్క గుడారంలో సూదులు వేస్తున్నాను. నలుగురు మనుషులు ఫినాయిలు పెట్టి నలభై మంచాల పట్టెలూ తళతళలాడేట్టు కడిగేశారు.

అంతకన్నా పెద్ద పాపం ఇంకొకటి జరిగింది. తనిఖీకి రిజిస్టరు నిండుగా కనపడాలని అసిస్టెంటు సాయంత్రం దాకా ఎక్కించబోయే సీసాలన్నీ ముందే రాసిపెట్టాడు. జైపూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది, పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, మొగుడు బాయిలో కొత్తగా చేరాడు. ఆ పిల్లకు ఎక్కింది మూడు సీసాలు. రిజిస్టర్లో ఆరు. డాక్టరు రెండో క్యాంపు నుంచి ఉరుక్కుంటూ వచ్చి, పట్టె చూస్తే ఏమీ లేదు. రిజిస్టరు చూశాడు. ఆరు ఎక్కాయి కదా, ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోతాయి, ఆపండి అని చెప్పి, పెద్దాఫీసరుకు ఎదురు పోయాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి నేను కూడా ఆ గుడారంలోకి వచ్చాను. ఆమె మొదటి మంచం దగ్గరే ఆగిపోయింది.

"నా గీతలేవి?"

"రిజిస్టర్ల ఉన్నయ్ పో" అన్నాడు అసిస్టెంటు రుమాలు చాటునుంచి.

ఆమె సీదా జైపూర్ పిల్ల దగ్గరికి పోయి చేతి మీద చర్మం లేపి వదిలింది. మడత అట్లాగే నిలబడింది. "ఈ పిల్లకు సీస ఎందుకు తీసిండ్రు? ఎన్నెక్కినయ్?"

"ఆరు."

"ఆరా?"

వంగి మంచం కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టింది. ఖాళీ సీసాలను ఆ మంచం కాళ్ళ దగ్గరే ఉంచడం ఆమె అలవాటు, రోగి పోయేదాకా తీయనిచ్చేది కాదు. మూడు దొరికాయి. మూడింటినీ చంకన పెట్టుకొని బయటికి నడిచింది. నేను వెనకాల ఉరికాను. షామియానా కింద పెద్దాఫీసరు కుర్చీలో ఉన్నాడు. ముందు తెల్లగుడ్డ పరిచిన టేబుల్, దాని మీద బిస్కెట్ల పళ్ళెం. ఆమె ఆ తెల్లగుడ్డ మీద మూడు సీసాలూ నిలబెట్టింది.

"దొరా, మూడు సీసలు ఆరెట్లయితయ్? ఆడ పిల్ల సస్తున్నది."

క్యాంపు ఆఫీసరు లేచి, "చదువు రాని మనిషి సార్. లెక్క తెలియదు" అన్నాడు నవ్వుతూ.

"సదువు రాదు. ఎంచుడు వస్తది" అంది ఆమె.

డాక్టరు మంచివాడు. మొహం ఎర్రగా చేసుకొని లేచి, గుడారంలోకి పోయాడు. నేను సూది పెట్టాను, ఆమె సీసా ఎత్తి పట్టుకుంది. నాలుగోది పోయింది, ఐదోది పోయింది. పిల్ల మొగుడు మంచం కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చొని మా ముగ్గురి మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. ఏడోది సగంలో ఉండగా పెద్దాఫీసరు చాయ్ తాగి జీపు ఎక్కబోతున్నాడు. అప్పుడు ఆమె గుడారం బయటికి వచ్చి, ఎప్పటి కంటే ఎక్కువ గొంతుతో అరిచింది.

"జైపూర్ పిల్ల ఉచ్చ వోసింది!"

పెద్దాఫీసరు ఒక కాలు జీపులో, ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు. క్యాంపు ఆఫీసరు మొహం మాత్రం చూశాను. ఆ మొహంలో పిల్ల బతికిందన్న సంతోషం గోరంత కూడా లేదు. అది నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆ సాయంత్రమే ఆమెను రావద్దన్నారు. కారణం, క్రమశిక్షణ లేదు. ఆమె మరునాడు కూడా వచ్చింది. హాజరు రాసే మస్టర్లో వేలిముద్ర వేయనివ్వలేదు. అయినా పనిచేసింది. మూడోనాడు జైపూర్ పిల్లను మొగుడు బండిలో పడుకోబెట్టుకొని పోయాక తనూ పోయింది.

ఆరు నెలలకు పర్మినెంటు పోస్టుల ఇంటర్వ్యూ పెట్టారు. ఆమె ఉతికిన చీర కట్టుకొని, నూనె రాసుకొని దువ్వుకొని వచ్చింది. నేనిచ్చిన చీరే. చెవి మీద సుద్దముక్క లేదు. లోపల కమిటీవాళ్ళు ఒక పేపరు చేతికిచ్చి చదవమన్నారు. రాదంది. నలభై మంచాలకు మనుషులు దొరకనినాడు అడగని చదువు, మంచాలన్నీ ఖాళీ అయ్యాక అడిగారు. తరువాత నన్ను పిలిచారు. క్యాంపులో నర్సును కాబట్టి ఆమె నడత గురించి చెప్పాలట.

"తనిఖీనాడు ఈమె అధికారులకు ఎదురు మాట్లాడిందా, లేదా? అవును, కాదు, అంతే చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

"మాట్లాడింది సార్" అన్నాను.

ఎందుకు మాట్లాడిందో చెప్పబోయాను. "అడిగిన దానికి చెప్పారు, చాలు" అన్నాడు. ఆ చాలు అన్న మాటకు నేను ఆగిపోయాను. ఎవరూ నా నోరు గుడ్డతో కట్టలేదు. ఇరవై నాలుగేళ్ళు, కొత్త ఉద్యోగం, ఇంటి దగ్గర ఇద్దరు తమ్ముళ్ళ చదువు. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ కలిపినా ఆ రోజు నేను ఆగిపోవడానికి సరిపోవు.

వరండాలో ఆమె అంతా విన్నది. నేను బయటికి రాగానే, "ఎదురు మాట్లాడిన్నని చెప్పినవ్. ఎందుకు మాట్లాడిన్నో గది సుత చెప్తే అయిపోవు గద బిడ్డ" అంది. కోపంగా కూడా అనలేదు. అని, చీర కొంగు సర్దుకొని మెట్లు దిగి పోయింది.

డెబ్బైల మొదట్లో గోదారి పొంగింది. ఒడ్డు గుడిసెలు మునిగాయి. నీళ్ళు తగ్గాక ఊరంతా బేదులు. సిగ్గులేని జీపు మళ్ళీ ఆమె ఇంటికి పోయింది. ఈసారి ఆఫీసరు నన్ను కూడా వెంట తీసుకుపోయాడు, నేనుంటే ఒప్పుకుంటుందని.

"పర్మినెంటా, టెంపరరీయా?" అని అడిగింది గడపలో నిలబడి.

"అవన్నీ మాట్లాడే సమయమా అమ్మా? అక్కడ మనుషులు చచ్చిపోతున్నారు" అన్నాడు.

ఆమె జీపు ఎక్కలేదు. "మీరు పొండ్రి. నేను నడిసి వస్త" అంది. వచ్చింది. నెల రోజులు పగలంతా చేసింది. మంచాల పట్టెలకు బొగ్గు పూసింది, గీతలు గీసింది. కానీ మస్టరు మీద వేలు వేయనంది.

"ముద్రేస్తెనే గద తీసేసుడు. నేను వెయ్య, మీరు తియ్యలేరు" అంది.

ఆ మాటకు నేను లోలోపల మురిసిపోయాను. ఆ క్యాంపులో మస్టరు చూసి కింద సంతకం పెట్టే పని నాదే. అందులో ఆమె కోసం వదిలిన వరుస రోజూ ఖాళీగానే ఉండేది. ఆ వరుస కొట్టేసి కింద సంతకం పెట్టాలి, అది మస్టరు చూసే ఎవరికైనా తెలిసిన పద్ధతి. నేను కొట్టెయ్యలేదు. కొట్టేస్తే ఆమె పని చెయ్యలేదని అవుతుంది కదా, ఎప్పుడో ఒకనాడు మనసు మారి ముద్ర వేస్తుందేమో అనుకున్నాను. ఖాళీ వరుస ఉండగానే రోజూ కింద సంతకం పెట్టాను.

కొన్నాళ్ళకు తెల్ల బుష్‌షర్టు అసిస్టెంటు దవాఖానలో పర్మినెంటు అయ్యాడు. రెండు క్యాంపుల సర్వీసు ఉందని. వరద క్యాంపులో ఆయన మొహం నేను ఒక్క రోజు చూడలేదు. అనుమానం వచ్చి పాత మస్టరు తీయించి చూశాను. ఆ ఖాళీ వరుసలో ముత్యాల్లాంటి అక్షరాలు. నెల రోజులూ ఆయన పేరు, ఆయన సంతకం. ఆమె ఎత్తిన ప్రతి బకెట్టూ, ఎంచిన ప్రతి సీసా ఆయన సర్వీసు అయింది. కింద సాక్షి సంతకం నాది.

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ పూటే కూర్చొని కమిటీకి అర్జీ రాశాను. ఆ రోజులు ఎవరివో, పని చేసింది ఎవరో, మొత్తం రాశాను. తనిఖీనాటి మూడు సీసాల సంగతి కూడా రాశాను. తీసుకుపోయి ఆఫీసరు టేబుల్ మీద పెట్టాను. ఆయన నింపాదిగా రెండుసార్లు చదివాడు.

"అంటే ఖాళీ మస్టరు మీద సంతకాలు పెట్టానని మీరే ఒప్పుకుంటున్నారు. మంచిది. అర్జీ పైకి పంపుతాను. ముందు పోయేది మీ ఉద్యోగమే. పంపనా?"

ఫ్యాను తిరుగుతూ ఉంది. కాగితం ఎగరకుండా ఆయన దాని మీద రెండు వేళ్ళు పెట్టి ఉంచాడు. నేను చెయ్యి చాపాను. ఆయన వేళ్ళు తీశాడు. అర్జీ మడిచి సంచిలో పెట్టుకొని బయటికి వచ్చాను.

అప్పటికి ఆమె బస్సులు ఆగే చోట ఉడికించిన పల్లికాయ అమ్ముకుంటోంది. నేను పోయి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ వరుస సంగతి, ఆ పేరు సంగతి, అర్జీ సంగతి, అన్నీ చెప్పాను. ఆమె పొట్లాలు కట్టడం ఆపలేదు.

"అర్జీ పైకి పోయిందా?"

"లేదక్క."

"యాడున్నది?"

"నా సంచిలనే ఉన్నది. వాపసు తీసుకున్న."

ఆమె చేతిలో పొట్లం కట్టడం పూర్తి చేసింది. బుట్టలో పెట్టింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఒకాయన ఏదో అడిగితే ఇచ్చింది. తరువాత నావైపు తిరిగింది.

"పొద్దుగూకుతున్నది. మీరు ఇంటికి పొండ్రి సిస్టర్" అంది.

ఆ తరువాత ఆమె ఇంకో నాలుగేళ్ళు బతికింది. బజార్లో ఎదురుపడితే ఎప్పుడూ మొహం తిప్పుకోలేదు. ఆగి, "మంచిగున్నరా సిస్టర్?" అని అడిగేది. మంచిగున్నానని చెప్పేదాన్ని.